గొడుగుబండ మీది గొంతు

గుణశేఖర్ చూసిన పిట్టను గుణశేఖర్ చూడలేదని తేల్చేశారు.

ఆ కబురు వచ్చే వేళకు అతను పాలసెంటర్లో తాయమ్మ పాలను చిన్న గిన్నెలోకి వంచి మిషను కింద పెడుతున్నాడు. మిషను సన్నటి గొట్టంతో పాలను పీల్చుకుని, కాసేపు గుర్రుమని, ఎర్రటి అంకెలు చూపించింది. జేబులో ఫోను కుయ్యిమంది. అతను అంకెలనే చూశాడు.

"ఏమంటాదిబ్బా నీ మిషను?" అంది తాయమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"నీళ్ళంటాది."

"నీళ్ళా! నా బిడ్డల మీద ఒట్టు. రెండు దినాలుగా ముసురు, ఆవును కొండకు తోల్లేదు. కట్టేసిన తావనే ఎండుగడ్డి నములుతా ఉండాది. పాలు పల్చన కాక మీగడ కడతాయా? నువ్వే నోట్లో పోసుకుని సూడు."

"నోట్లో పోసుకుని సూసేదానికైతే ఈ మిషనెందుక్కా, నన్నే గాటికి కట్టేసి ఉందురు. నీ మాట నేను నమ్ముతా. మిషను నమ్మదు."

"అట్లయితే ఒట్లు కూడా దానికే నేర్పించు," అని తాయమ్మ క్యానులో పాలు ధారగా పోసి, చీటీ లాక్కుని, వెనకనున్న ఆడవాళ్ళకు వినపడేలా సణుక్కుంటూ పోయింది. గుణశేఖర్ గిన్నె కడిగి బోర్లించి, తడిచేతిని లుంగీకి తుడుచుకుని అప్పుడు ఫోను తీశాడు.

'మీ పరిశీలన నిర్ధారణ కాలేదు. ఫోటో లేదా శబ్దం ఉంటే జతచేయగలరు.'

పిట్టల యాప్ నుంచి వచ్చింది. దేశం నలుమూలలా జనం తాము చూసిన పిట్టలను పైసా ఆశించకుండా అందులో రాస్తుంటారు. ఏ పిట్ట ఎక్కడ తగ్గిపోతోందో, ఎక్కడ ఇంకా మిగిలుందో, చదువుకున్నవాళ్ళు అదంతా కూడేసి చెబుతారు. అరుదైన పేరేదైనా కనబడితే సరిచూసే మనిషి జిల్లాకొకరు ఉంటారు. వాళ్ళకూ జీతం లేదు. ఈ పక్కకు ఆ మనిషి రెబెకా. తిరుపతిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది.

గుణశేఖర్ రాసింది పసుపు గొంతు పికిలిపిట్ట గురించి. మామూలు పికిలి అయితే ఏ పెరటి చెట్టు మీదనైనా ఉంటుంది. ఇది వేరు. పెద్ద పెద్ద గుండ్లుండే కొండల్లో, ఆ గుండ్ల నడుమ పొదల్లో తప్ప బతకదు. దక్షిణాదిని దాటి ప్రపంచంలో ఎక్కడా లేదు. పోయిన ఆదివారం ఊరి కొండ మీది గొడుగుబండ కింద, రాతి చీలికలో మొలిచిన జువ్విచెట్టు మీద, పండు నోట కరుచుకుని తల తిప్పింది. తలా గొంతూ పసుపు ముద్ద. రెప్పపాటు కాదు, బీడీ ముట్టించుకునేంత సేపు ఉంది. ఫోను తీసేలోగా లేదు.

"ఏమైంది? ఎవురన్నా సచ్చినారా?" అంది లోకేశ్వరి లోపలి నుంచి. మొగుడి మొహం చూస్తే ఆమెకు సగం సంగతి తెలిసిపోతుంది.

"నేనే సచ్చినాను. నా కండ్లు గుడ్డివంట."

"అది నేను పెండ్లప్పుడే సెప్తిని," అంది ఆమె, క్యాను మూత బిగిస్తూ.

మామూలప్పుడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాడు. ఊరందరూ తనను 'పిట్టల గుణ' అని వెక్కిరించినా పట్టించుకోనివాడికి ఈ మాటొక లెక్కా? కానీ శుక్రవారం ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. గొడుగుబండ కొండను రాయి కోసుకోడానికి ఒక కంపెనీ అడిగింది. అడగడానికి ముందు కొండ మీద ఏమేమి ఉన్నాయో చూసి రాయించాలి. రాయించింది. లావుపాటి పుస్తకం, నున్నటి అట్ట. అందులో పిట్టల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: 'కాకి, మైనా మినహా చెప్పుకోదగ్గ పక్షి జాతులేవీ లేవు.' రాసిన మనిషి కొండ ఎక్కలేదు. కారు దిగి ఒంటేలు పోసి, మళ్ళీ కారెక్కి పోయినాడని మేకలు కాసేవాళ్ళు చెప్పారు.

ఊళ్ళో ఈ పని నెత్తినేసుకున్నది మునిచంద్ర. టమోటా వేసే రైతు. కొండ వాలు వాననీళ్ళే అతని చెరువుకు ఆధారం. చిత్తూరులో వకీలు అతనికొక మాట చెప్పాడు: "మీ కొండ మీద అరుదైన జీవి ఉన్నట్టు నలుగురూ ఒప్పుకునే రికార్డు ఒక్కటుంటే పట్టుకు రాండి. ఆ పుస్తకానికి ఎదురు నిలబడి నేను మాట్లాడతా." మునిచంద్ర ఆ మాటను తీసుకొచ్చి గుణశేఖర్ నెత్తిన పెట్టాడు.

గుణశేఖర్ రెబెకాకు ఫోను చేశాడు.

"మేడం, నా రాత మీద నీళ్ళు పోసినారే."

"అన్నా, మీరు చూడలేదని నేను అనలేదు. నిర్ధారణ కాలేదన్నాను."

"రెండూ ఒకటే కదమ్మా. ఇన్నేండ్లుగా రాస్తా ఉండాను. కాకిని కూడా వదల్లేదు. ఎప్పుడన్నా అబద్ధం రాసినానా?"

"లేదన్నా. కానీ తెల్లబొమ పికిలి కూడా అట్లే ఉంటుంది. ఎండ మొహాన పడితే గొంతు పసుపుగా కనబడుతుంది. నేనే ఒకసారి మోసపోయినాను."

"నా రెండు కండ్లూ సాలవా?"

"చాలవన్నా. నా కండ్లు కూడా చాలవు. ఒక్క తప్పు రాత దూరిందంటే పక్కనున్న నూరు ఒప్పు రాతల్నీ అనుమానంగా చూస్తారు. ఫోటో అక్కర్లేదు, గొంతు వినిపించినా చాలు."

గుణశేఖర్ ఫోను పెట్టేసి, పక్కనున్న ఖాళీ క్యానును కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పోయి గోడకు తగిలి మోగింది. "ఆ క్యాను నీ మేడమా?" అంది లోకేశ్వరి.

పాల వేళా పిట్టల వేళా ఒకటే. అదీ అతని ఖర్మ. పొద్దు పొడవకముందే జనం చెంబులతో వస్తారు. పిట్టలు నోరు తెరిచేదీ అప్పుడే. మిషను లోకేశ్వరికి అప్పగించి కొండకు బయలుదేరాడు. "సుబ్బరంగా పో. నేను ఒట్లు ఇనుకుంటా కూసుంటా," అంది ఆమె. అయినా సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి మూటగట్టి ఇచ్చింది.

మామిడి కాపు అయిపోయిన రోజులు. పలమనేరు పక్క ఈ కాలంలో మంచులాంటి తుంపర పడుతుంది. వాన అనడానికి లేదు, కాదనడానికీ లేదు. గుండ్లు నున్నగా జారుతున్నాయి. చెప్పులు విడిచి చేతబట్టుకుని, వేళ్ళతో రాతిని పట్టుకుంటూ జువ్విచెట్టు ఎదురుగా ఉన్న బండ మీదికెక్కాడు. కండువా పరుచుకుని, ఫోను తడవకుండా పాలకవరులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

జువ్విపండ్లు రాలి కింద బురదలో ఎర్రగా ఉన్నాయి. తెల్లబొమ పికిళ్ళు వచ్చాయి. బుడబుడమని ఒకదాని మాట ఒకటి వినకుండా వాదించుకుని పోయాయి. పొదల కింద సిరసగాళ్ళు, ఆ మట్టిరంగు పిట్టలు, గుంపుగా ఎండుటాకులు తిరగేశాయి. కోయిల ఒకటి గొంతు చించుకుంది. ఒకటి రెండుసార్లు పసుపు కనబడితే ఫోను ఎత్తాడు. ఒకసారి పండుటాకు. ఇంకోసారి తెల్లబొమదే, రెబెకా చెప్పినట్టే, మబ్బు సందు నుంచి ఎండ పడి మెరిసింది. ఆదివారం ఎండ ఉందా? గుర్తు తెచ్చుకున్నాడు. లేదు. ఆదివారం మబ్బు. తల తిప్పినప్పుడు కంటి మీద తెల్లగీత లేదు. లేదనే గుర్తు. గుర్తు అనేది ఎట్లాంటిదంటే, అడిగినకొద్దీ అడిగినవాడికి అనుకూలంగా చెబుతుంది.

కాళ్ళు తిమ్మిరెక్కి దిగాడు. సాయంత్రం పాలప్పుడు మునిచంద్ర సెంటరు గుమ్మంలో నిలబడి అడిగాడు: "దొరికిందా అప్పా?"

"పిట్టంటే నీ టమేటా అనుకుంటివా, పోయి కోసుకొచ్చేదానికి?"

"శుక్రవారం దగ్గరికొచ్చె."

"ఆ సంగతి పిట్టకు సెప్పు."

మరునాడూ అంతే. జారి మోకాలు గీచుకుపోయింది. వెనక్కి వస్తే లోకేశ్వరి పసుపు తెచ్చి అద్దింది. "పసుపు పసుపని తిరుగుతుంటివే, ఇదో దొరికింది," అంది.

బుధవారం పొద్దున కొండ మొదట్లో తెల్ల కారొకటి ఆగి ఉంది. కంపెనీవాళ్ళేమో అనుకుని పళ్ళు నూరి, పక్కదోవన ఎక్కాడు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే జువ్విచెట్టు సగమే కనబడుతోంది. బండ మీదికి చేరి ఊపిరి తిప్పుకుంటుండగా పైనుంచి, గొడుగుబండ వెనక నుంచి వినబడింది.

గొంతులో గోలీలు దొర్లించినట్టు ఒక గలగల, పైకి లేచి, కిందికి జారి, ఆగింది.

తెల్లబొమ గొంతు కాదది. అంత మొరటుగా లేదు. పాలకవరు పళ్ళతో చించి ఫోను తీసి, మీట నొక్కి, చేయి చాచి పట్టుకున్నాడు. మళ్ళీ వినబడింది. ఆ గలగల చివర, ఆకు మీది నుంచి నీటిచుక్క రాలినట్టు చిన్న చప్పుడు. మళ్ళీ అదే గొంతు, మళ్ళీ చుక్క. ఊపిరి తీసుకుంటే అదీ ఫోనులో పడుతుందేమోనని బిగబట్టుకుని నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిట్టను చూద్దామని పైకి పాకాలనుకున్నాడు గానీ, పాకితే ఎగిరిపోతుందని భయపడ్డాడు. కాసేపటికి గొంతు ఆగింది. అతను ఎంత మెత్తగా ఎక్కాడో అంత మెత్తగా దిగాడు.

రెబెకా ఆ గొంతును తాను విని, బెంగుళూరులో పిట్టల గొంతులు బాగా తెలిసినవాళ్ళకు పంపి, పొద్దుగూకే వేళకు ఫోను చేసింది.

"అన్నా, అదే. సందేహం లేదు. ఒప్పేసుకున్నాను. మిమ్మల్ని బాధపెట్టినాను, ఏమీ అనుకోవద్దు."

"అనుకునేదేముందమ్మా," అన్నాడు గుణశేఖర్. అనుకోడానికి చాలా ఉందిగానీ, ఆ పూటకు అన్నీ మాఫీ.

మునిచంద్ర పలమనేరు నుంచి జిలేబి తెచ్చి పాలసెంటర్లో పంచాడు. తాయమ్మ వేళ్ళు నాక్కుంటూ, "పిడికెడంత పిట్ట, కొండంత కొండను నిలబెట్టె గదబ్బా. మా ఆవుకు మేత మిగిలె. ఏదీ, ఇంకోసారి ఇనిపించు," అంది. గుణశేఖర్ వినిపించాడు. అందరూ చెంబులు కింద పెట్టి విన్నారు. చుక్క రాలిన చప్పుడు వచ్చినప్పుడు, "అదేంది?" అని అడిగిందొకామె. "మంచు. ఆకు మీది నుంచి పడతా ఉండాది," అన్నాడతను పెద్దమనిషిలా.

గురువారం మధ్యాహ్నం ముసురు వదిలింది. చిత్తూరు రోడ్డు మీది టీ అంగట్లో గుణశేఖర్ టీ తాగుతుంటే ఆ తెల్ల కారు వచ్చి ఆగింది. తుపాకీ గొట్టమంత కెమెరా మెడలో వేసుకుని ఒక పెద్దాయన దిగాడు. ఎండ టోపీ, మోకాలి దాకా బూట్లు.

"ఇక్కడ గుణశేఖర్ అని పిట్టలు చూసే ఆయన ఉంటారట, తెలుసా?" అని అంగడివాణ్ణి అడిగాడు.

"ఎదురుగానే ఉండాడు, టీ ఊదుకుంటా."

పెద్దాయన చేతులు పట్టుకుని ఊపేశాడు. పేరు జయరావు. రిటైరై తిరుపతిలో ఉంటాడు. పిట్టల ఫోటోలంటే పిచ్చి. "మీరు ఆదివారం రాసింది యాప్‌లో చూశానండీ. ఒప్పుకోలేదని ఉంది. ఒప్పుకుంటే ఏమి, లేకపోతే ఏమి, మనకు చోటు తెలిసింది కదా! నిన్న చీకటితోనే వచ్చేశాను. గంటసేపు పిలిచాను. రాలేదు. ఇవాళ ఆ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగాను. లాభం లేదు."

"పిల్సినారా? ఎట్ల పిల్సినారు?"

"దీంతోనే," అని జయరావు చొక్కా జేబులోంచి నిమ్మకాయంత స్పీకరు తీశాడు. "దాని గొంతే వినిపిస్తే, వేరే మగపిట్ట తన చోటికి వచ్చిందనుకుని కొట్లాటకు వస్తుంది. మనం క్లిక్కుమనిపించడమే."

మీట నొక్కి బల్ల మీద, టీ గ్లాసు పక్కన పెట్టాడు.

గొంతులో గోలీలు దొర్లించినట్టు గలగల, పైకి లేచి, కిందికి జారి, ఆగింది. చివర నీటిచుక్క రాలింది.

ఎండ కాస్తోంది. అంగడి పైన రేకులు. చుక్క రాలడానికి ఎక్కడా చెట్టు లేదు. మళ్ళీ గలగల. మళ్ళీ చుక్క. ఏ ఊళ్ళోనో, ఏ ఏడాదో, ఏ చెట్టు మీది నుంచో రాలిన చుక్క.

"అది ఆపండి సార్," అన్నాడు గుణశేఖర్.

"బాగుంది కదూ? చాలా క్లియర్ రికార్డింగు."

"ఆపమంటా ఉండానా!" అని అతను అరిచిన అరుపుకు అంగడివాడు జల్లెడ చేతిలోనే పెట్టుకుని తిరిగి చూశాడు. జయరావు స్పీకరు తీసి జేబులో వేసుకున్నాడు. గుణశేఖర్ గొంతు తగ్గించాడు. "గూడు పెట్టుకునే కాలం సార్ ఇది. లేని పగోణ్ణి సూపించి దాన్ని బెదరగొడతారా? పిల్లల్ని వదిలి పొద్దస్తమానం ఎతుక్కుంటా తిరగల్ల అది."

"అందరూ చేస్తున్నదే కదండీ," అన్నాడు జయరావు నొచ్చుకుని. నొచ్చుకుని కూడా టీ తాగే పోయాడు.

గుణశేఖర్ అక్కడే కూర్చుండిపోయాడు. ఎంత విడ్డూరమంటే, ఆ మనిషిని కొండకు పిలిచింది తన రాతే. ఆ మనిషి తెచ్చిన గొంతునే తాను పట్టుకుని, తన రాతకు సాక్ష్యంగా తెచ్చి పెట్టాడు. లోయలో అరిచి, తిరిగి వచ్చిన అరుపును వినబడింది చూడండని ఊరికి చాటినట్టు. తనకు తానే జామీను. టీ మీద తొరక కట్టి, ముడుతలు పడింది.

సాయంత్రం పాలవేళకు రెబెకా తిరుపతి నుంచి బస్సులో వచ్చింది. మునిచంద్రే రమ్మన్నాడు, రేపటి సభలో మాట్లాడాలని. పాత చూడీదారు, భుజాన గుడ్డసంచి, మెడలో చిన్న శిలువ. అంత సన్నటి మనిషి తనను మూడు దినాలు కొండ మీద ఆడించిందా అనిపించింది గుణశేఖర్‌కు. లోకేశ్వరికి మిషను అప్పజెప్పి, ఆమెను వెనక క్యాన్లు కడిగే తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. చెప్పింది రెండు మాటల్లోనే అయిపోయింది. వినబడింది పిట్ట కాదు, స్పీకరు.

రెబెకా తొట్టి గట్టు మీద కూర్చుంది. నీళ్ళ పైన తేలే పాల నురగను వేలితో పక్కకు తోసింది.

"ఆయనకు తెలుసా, మీరు రికార్డు చేసినారని?"

"తెలీదు."

"ఇంకెవరికి తెలుసు?"

"మీకు, నాకు."

ఆమె సంచి వారును వేలికి చుట్టుకుంది, విప్పింది. "అన్నా, ఆదివారం మీరు నిజంగా చూసినారు కదా?"

"సూసినాను."

"అయితే పిట్ట ఉన్నట్టే కదా. ఉండే పిట్టను ఉందని రాసినాము. రేపు ఒక్క పూట గమ్మునుండండి. సభ కానీ. ఎల్లుండి నేనే తీసేస్తాను."

గుణశేఖర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది, ఆ నవ్వు గొంతులోనే పులిసిపోయింది.

"ఏమ్మా? నిజం సెప్పిన దినం సాక్ష్యం తెమ్మంటివి. దొంగసాక్ష్యం దొరికిన దినం గమ్మునుండమంటావా?"

"వాళ్ళు కొండ ఎక్కకుండానే ఏమీ లేదని రాసినారన్నా! అంత లావు అబద్ధం అట్టేసి తెచ్చినారు. మన చేతిలో ఉండేది ఇదొక్కటే." ఆమె లేచి నిలబడింది. "నేను ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఎన్ని కొండలు పోయినాయో తెలుసా? రాతలన్నీ ఒప్పే. నేను సరిచూసిందంతా సరిగ్గానే ఉంది. కొండలే లేవు."

తొట్టి పక్కన నిలబడి నిజంగానే ఆలోచించాడు. గమ్మునుంటే ఏం పోయింది? కొండ నిలుస్తుంది, నీళ్ళు నిలుస్తాయి, నిజంగా అక్కడ పిట్ట ఉంటే అదీ నిలుస్తుంది. ఉంటే. ఎండ ఉందా ఆదివారం? లేదు. లేదనే గుర్తు.

ముందు గది నుంచి తాయమ్మ గొంతు వినబడింది. "గుణా, ఈడికి రాబ్బా! నీ పెండ్లాము కూడా నీళ్ళంటా ఉండాది!"

అతను వెళ్ళి గిన్నె తీసి, శుభ్రంగా కడిగి, తాయమ్మ చెంబు నుంచి మళ్ళీ పాలు పోసి మిషను కింద పెట్టాడు. మిషను పీల్చుకుని గుర్రుమంది. తాయమ్మ, లోకేశ్వరి, గుమ్మంలో రెబెకా, అందరూ ఎర్ర అంకెల కోసం చూశారు. అవే అంకెలు.

"ఇప్పుడు నా ఆవు మీద ఒట్టేసి సెప్తా ఉండా," అంది తాయమ్మ, ఈసారి గట్టిగా కాదు. "నీళ్ళు కలపలేదు నాయనా."

"కలపలేదని నాకు తెలుసక్కా."

"మరి రాయి, బాగుండాయని."

గుణశేఖర్ పెన్ను పట్టుకుని ఆమె మొహం చూశాడు. ఆ మొహం అబద్ధం ఆడటం లేదు. అట్లని తనకు తెలుసు. మిషను చూపిన అంకెనే చీటీ మీద రాసి ఇచ్చాడు. తాయమ్మ దాన్ని తీసుకుని, మడిచి, రొంటిన దోపుకుని, ఒక్క మాటైనా తిట్టకుండా పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

అతను ఫోను తీశాడు. రెబెకా గుమ్మం దాటి దగ్గరికి వచ్చింది. ఆపబోయి చేయి సగంలోనే వెనక్కి తీసుకుంది. ఆదివారం రాతనూ, బుధవారం గొంతునూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాడు. 'నిజంగా తొలగించాలా?' అని యాప్ అడిగింది. పాలు అంటిన బొటనవేలు మొదటిసారి పనిచేయలేదు. లుంగీకి తుడుచుకుని మళ్ళీ నొక్కాడు.

"ఆదివారంది ఎందుకు తీసేసినారన్నా?" అంది రెబెకా మెల్లగా. "అది మీ కండ్లతో చూసింది కదా."

"సాలవంటివి కదమ్మా," అన్నాడు. ఆమెను నొప్పించాలని అనలేదు గానీ నొప్పించింది.

మునిచంద్రకు తెలిసేసరికి ఊరంతా తెలిసింది. సెంటరు ముందు నిలబడి కేకలేశాడు. "ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమని వాళ్ళు పుస్తకాలే అచ్చేస్తా ఉంటే, నువ్వు ఉన్న దూడను ఇప్పి తోలేస్తివి గదప్పా! నీ నీతిని నీళ్ళల్లో కలిపి మా మళ్ళకు పారిస్తావా? నిన్ను నమ్మి వకీలుకు సెప్పుకుంటిని."

"సెప్పు, పిట్టల గుణ గుడ్డోడని."

"గుడ్డోడైనా మేలు. కండ్లుండి పొడుచుకుంటివి." నిన్న మిగిలిన జిలేబి పొట్లాన్ని అరుగు మీది నుంచి తీసుకుని మరీ పోయాడు. రెబెకా ఆఖరి బస్సుకు తిరుపతి పోలేదు. లోకేశ్వరి పక్కన చాప మీద పడుకుంది. ఇద్దరు ఆడవాళ్ళూ అతనితో మాట్లాడలేదు.

సభకు స్కూలు మైదానంలో షామియానా వేశారు. కంపెనీవాళ్ళు మజ్జిగ పొట్లాలు పంచారు. పక్క ఊళ్ళ నుంచి లారీలో తెచ్చిన జనం ముందు కుర్చీల్లో కూర్చుని, ఎప్పుడు చప్పట్లు కొట్టాలో ఒకడి వైపు చూసి కొట్టారు. మునిచంద్ర నీళ్ళ గురించి మాట్లాడాడు. తాయమ్మ మేత గురించి మాట్లాడబోయి ఏడ్చేసింది. రెబెకా లేచి, ఏడాది పొడుగునా తిరిగి పిట్టలను చూడకుండా ఏమీ లేవని రాయడం శాస్త్రం కాదంది. అధికారి తల ఊపాడు. తల ఊపడానికి ఖర్చేముంది?

గుణశేఖర్ మైకు దగ్గరికి పోయాడు.

"సార్, నేను పాలసెంటరోణ్ణి. గొడుగుబండ కింద నేనొక పిట్టను సూసినాను. పసుపు గొంతుది. శానా తక్కువుండే పిట్ట."

"ఫోటో ఉందా?"

"లేదు సార్."

"రికార్డేమన్నా?"

"ఉన్నింది సార్. తప్పని తెలిసి నేనే తీసేసినాను."

ముందు వరసల్లో నవ్వు లేచింది. అధికారి నవ్వలేదు. ఒక్క క్షణం అతని వైపు చూసి, పక్కనున్న గుమాస్తాతో, "ఆధారం లేదని రాసుకోండి," అన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. కంపెనీ పుస్తకానికి ఆధారమేమిటని ఎవరూ అడగలేదు. మైకు తర్వాతి మనిషి చేతికి పోయింది. నిర్ణయం పైనుంచి వస్తుందని చెప్పి, పొద్దు తిరక్కముందే షామియానా విప్పేశారు. రెబెకా బస్సెక్కే ముందు అతని దగ్గరికి వచ్చింది. "మళ్ళీ పోతారా అన్నా కొండకు?" అంది. "పోక యాడికి పోతానమ్మా," అన్నాడు.

మరుసటి దినం పొద్దున లోకేశ్వరి ఏమీ అడక్కుండానే మిషను ముందు కూర్చుంది. గుణశేఖర్ కొండెక్కాడు. కారు లేదు. మంచు పల్చగా ఉంది. అదే బండ మీద అదే కండువా పరిచి కూర్చున్నాడు. జువ్విపండ్లు దాదాపు అయిపోయాయి. తెల్లబొమవి రెండు వచ్చి కొట్లాడుకుని పోయాయి. రాసుకున్నాడు. సిరసగాళ్ళు. కాకి. కాకిని కూడా రాసుకున్నాడు.

అప్పుడు వినబడింది. గొడుగుబండ వెనక నుంచి, గొంతులో గోలీలు దొర్లించినట్టు గలగల, పైకి లేచి, కిందికి జారింది.

అతని చెయ్యి ఫోను మీదికి పోలేదు. తలెత్తి చెట్టు వైపూ చూడలేదు. చివాలున లేచి, గీచుకుపోయిన మోకాలితోనే పాకుతూ, బండ వెనక ఎవరున్నారా అని పైకి పోయాడు. ఒక గుండు చాటున చూశాడు. ఇంకో గుండు చాటున చూశాడు. పొదల్లోకి వంగి చూశాడు. "ఎవుర్రా అది?" అని అరిచాడు. కొండ ఆ మాటను తిరిగి అతనికే ఇచ్చింది. మేక పెంటికలు, నానిన బీడీముక్క, అంతే. మనిషన్నవాడు లేడు.

గొంతు ఆగిపోయింది.

గొడుగుబండకు చేరగిలబడి ఊపిరి ఎగబీలుస్తూ కూర్చున్నాడు. చివర నీటిచుక్క రాలిన చప్పుడు ఉందా, లేదా? చెవిలో ఆ గొంతును మళ్ళీ మళ్ళీ వినిపించుకున్నాడు. ఒకసారి ఉన్నట్టనిపించింది. ఒకసారి లేనట్టనిపించింది.

తుంపర మొదలైంది. ఇప్పుడు కొండ మీది ప్రతి ఆకు నుంచీ చుక్కలు రాలుతున్నాయి.